పిడకలు తిప్పేసి ఏటికెళ్దాం: టీకా తాత్పర్య సహితం

ధనుర్మాసంలో గోదావరి లంక గ్రామాల వీధుల్లో పొద్దున్న పూట వినిపించే మూలం ఇది: "ఒరేయ్ సుబ్బిగా, పిడకలు తిప్పేసి రారా, ఏటికెళ్దాం." కర్త ఎవరో తెలియదు. ఛందస్సు కుదరదు. అయినా తరాల తరబడి నోళ్లలో నిలబడ్డ వాక్యానికి వావిళ్లవారి ఫక్కీలో ఒక్క టీకా కూడా లేకపోవడం పండితలోకానికి మర్యాద కాదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చాడు. ఇక్కడ మొదటి మాట నిలబెట్టుకుంటాం. రెండోదానికి కట్టుబడితే ఈ వాక్యం జోలికే రాకూడదు.

ప్రతిపదార్థం. ఒరేయ్ = నాన్న ఇంట్లో ఉన్నాడేమోనన్న శంకతో గుమ్మమెక్కకుండా వీధిలోంచే పిలిచే పిలుపు; సుబ్బిగా = బడి రిజిస్టరులో మాత్రమే సుబ్రహ్మణ్యం అయినవాడా; పిడకలు = భోగిమంటలో దండ వేయడానికి ఆవుపేడతో తట్టి, నడుమ వేలితో చిల్లు పెట్టి, పెరట్లో గడ్డి మీద ఆరబెట్టినవి; తిప్పేసి = అడుగుభాగం ఎండకు వచ్చేలా మార్చి; రారా = మీ అమ్మ ఇంకో పని పురమాయించేలోగా రా; ఏటికి = గౌతమో వశిష్ఠో వైనతేయో, ఊరికి దగ్గరగా పారే పాయకు; వెళ్దాం = నువ్వూ నేనూ, గట్టు మీద అప్పటికే కాచుకున్న మిగతా మూకా. తెలంగాణ పాఠంలో "బర్లను కట్టేసి రారా, వాగుకాడికి పోదాం" అని ఉంటుంది. పశువు మారింది, ప్రవాహం మారింది, వాక్యం నడక మారలేదు.

పామరులు చెప్పుకునే తాత్పర్యం ఏమిటంటే, ఏరు ప్రధానం, పిడకలు దానికి అడ్డం, అడ్డం తొలగించుకుని రమ్మని పిలుపు. ఇది పొసగదు. పనే అడ్డమైతే, పని తక్కువగా ఉండే నెలల్లో షికార్లు జోరుగా సాగాలి. కానీ ఊళ్లో చేతులు ఖాళీ లేనిది ఈ నెలలోనే. కోతలైన చేల నుంచి గడ్డి తోలించి మేటు వెయ్యాలి, దాళ్వాకు నారుమడి సిద్ధం చెయ్యాలి, పండక్కి గోడలకు సున్నం కొట్టాలి. కుర్రాళ్ల వంతుకు ఆ పనుల తోకలన్నీ వస్తాయి. సరిగ్గా అప్పుడే రోజుకో పిలుపు వీధిలో వినిపిస్తుంది. కాబట్టి పిడకలే ఏటి ప్రయాణాన్ని నడిపిస్తున్నాయని మా సిద్ధాంతం.

దీనికి ఎండే సాక్షి. డిసెంబరు చివర రాజమండ్రి ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తు మించి ఎక్కడు. పగలు 11 గంటల చిల్లర. రాత్రంతా మంచు తాగిన పిడక పైపొర తడారాలంటే పొద్దు బాగా ఎక్కాలి. తొందరపడి తిప్పితే చిల్లు దగ్గర పుటుక్కున విరిగి రెండు చెక్కలవుతుంది. ఆలస్యం చేస్తే కింది గడ్డిని కరుచుకుని సగం అక్కడే ఉండిపోతుంది. అదను చూసి ఎత్తితే, పైన తట్టినవాళ్ల వేళ్ల గుర్తులు, అడుగున పచ్చి వాసన, రెండు గడ్డిపోచలు, నిద్ర చెడిన ఒక పేడపురుగు కనిపిస్తాయి. ఇక ఏటి సంగతి. తెల్లవారుజామున గోదారి నీళ్లు గాలికంటే వెచ్చగానే ఉంటాయి, మీద పొగలు కూడా లేస్తాయి. వణుకు పుట్టేది మునిగినప్పుడు కాదు, గట్టెక్కాక. తడి ఒంటిని ఆరబెట్టగల ఎండ వచ్చేవేళకే పిడకా తిరగడానికి సిద్ధమవుతుంది. చేతికి వాచీ లేనివాళ్లకు పెరడే గడియారం.

వ్యాకరణం వైపు నుంచి ఒక చిక్కుంది. "తిప్పేసి" అన్నది క్త్వార్థం గనక, తిప్పేవాడూ వచ్చేవాడూ ఒక్కడే కావాలి. అంటే సుబ్బిగాడు ఒంటరిగా తిప్పాలి. లోకంలో జరిగేది అది కాదు. పిలిచినవాడు ఓపిక నశించి దొడ్డిదారిన వచ్చి తనూ ఒక వరస అందుకుంటాడు. వాడి వెనక ఇంకొకడు. తేగలు ఎవరింట్లో తంపటేశారు, ఉప్పూకారం పొట్లం ఎవరు కడతారు, రేగిపళ్లకు ఎవరి దొడ్లో చొరబడాలి అన్న మంతనాలన్నీ ఆ పిడకల మధ్య గొంతుక్కూచున్నప్పుడే తేలతాయి. ఏటి ఒడ్డున వాటిని అమలు చేయడమే మిగులుతుంది. ఇంతలో వంటింట్లోంచి మూలానికి అనుబంధం వెలువడుతుంది: "వెళితే వెళ్లావు గానీ గేదెను కడుక్కురా, వచ్చేటప్పుడు మోపెడు గడ్డి కూడా!" శిక్షలా వినిపించే ఈ వాక్యమే అసలు వరం. గేదె లేకపోతే పాయలో ఎవరి వీపెక్కి కూర్చుంటారు?

దీనిమీద ఆక్షేపణలు లేకపోలేదు. శ్రావణ భాద్రపదాల్లో గోదారి ఎర్రగా వరదెత్తి ఉంటుంది గనక ఎవరూ దిగరు, చలికాలంలో నీళ్లు తేరుకుంటాయి గనక దిగుతారు, ఇందులో పిడకల గొప్పేముందని ఒకరంటారు. సగం నిజం. కానీ వేసవిలోనూ నీళ్లు తేటగానే ఉంటాయి, సెలవులూ ఉంటాయి. అప్పుడు వెళ్లేవాళ్లు ఒళ్లు చల్లబరుచుకుని తిరిగొస్తారు. దాన్ని స్నానం అంటారు, షికారు అనరు. రెండో ఆక్షేపణ బరువైనది. ఆ పిడకలు తట్టింది సుబ్బిగాడి అక్క. చీకటితో లేచి కళ్లాపి చల్లి, ముగ్గేసి, గొబ్బెమ్మలు పెట్టింది కూడా ఆమే. ఆమెను ఏటికి రమ్మని వీధిలోంచి ఎవరూ పిలవరు. నిజమే, మూలం ఆమె విషయంలో అన్యాయంగా మౌనం వహించింది. పనిలో అతి తేలికైన భాగం చేసినవాడికే ఏరు దక్కిందని టీకాకారుడు గుర్తించక తప్పదు. దీనివల్ల మా సిద్ధాంతం కూలదు గానీ, దానికి కొంచెం సిగ్గు అంటుకుంటుంది.

మూడోది నవీనుల వాదం: పిడకలిప్పుడు ఆన్‌లైన్‌లో ప్యాకెట్లుగా దొరుకుతున్నాయి, గేదెలు తగ్గాయి, అడ్డం పోయింది గనక ఇక హాయిగా వెళ్లొచ్చు. మరి వెళ్తున్నారా? "సంక్రాంతికి వస్తున్నా, ఏటికెళ్దాం" అని వాట్సాప్‌లో ఒకరు పెడితే నలుగురు బొటనవేలు చూపిస్తారు. ఎప్పుడో ఎవరూ అడగరు, పండగ వెళ్లిపోతుంది. పిడకలు లేని ఆ పాఠం ప్రక్షిప్తం, పరిహరించదగినది. ఈసారి ఊరెళ్లేవాళ్లు స్నేహితుడి ఇంట్లో ఏ పని మిగిలిందో ముందు కనుక్కుని అందులో ఓ చెయ్యి వెయ్యండి, వాళ్ల అక్కనూ పిలవండి. ఇసుక తవ్విన చోట గోతులుంటాయి గనక, దిగేముందు లోతెంతో పడవ నడిపేవాళ్లని అడగండి.