ఇద్దరు ఆక్రమణదారులు

తిరుపతి పట్టణాభివృద్ధికి చిరకాలముగా అడ్డుపడుచున్న శత్రువులు ఇద్దరు. ఒకటి వాననీరు, రెండవవాడు కాలినడకను పోవు మనుష్యుడు. వీరి యపరాధములను విచారించి చూడగా ఇరువురికిని పోలికలు చాల గలవు. ఇరువురును నేల నంటిపెట్టుకొని పోవువారే. ఇరువురును టోలు రుసుము కట్టరు, పెట్రోలు కొనరు. తాతముత్తాతలనాడు ఏ త్రోవను పోయిరో ఆ త్రోవనే పోవుదుమని మొండిపట్టు పట్టుదురు. త్రోవ మూసితిమా, మనుష్యుడు నడిరోడ్డుమీదికి వచ్చును, నీరు నట్టింటిలోనికి వచ్చును. ఇట్టి దుండగీండ్రను అదుపులో నుంచుటకై మన పాలకులు పడిన ప్రయాసను, వెచ్చించిన ధనమును, ఆవిష్కరించిన శిలాఫలకములను తలచుకొన్నచో వారియందు జాలి కలుగకపోదు.

2015 జూన్‌లో కేంద్రప్రభుత్వము స్మార్ట్ సిటీల పథకమును ప్రారంభించినది; మరుసటి సంవత్సరము సెప్టెంబరులో తిరుపతి ఆ జాబితాలోని కెక్కినది; 2025 మార్చితో పథకమే ముగిసినది. ఈ నడుమ జరిగిన పనులన్నియు వ్యర్థములని నేననను. కాని ఈ తొమ్మిదేండ్లలోను, నిజమునకు అంతకు చాల పూర్వమునుండియు, ఒక విద్య మాత్రము మన పురపాలకుల చేతిలో పరిపాకము నొందినది. అది ఒకే బండతో రెండు పథకములను కప్పు విద్య. వీధికి రెండు ప్రక్కలను కాలువ త్రవ్వి, కాంక్రీటు గోడలు కట్టి, పైన బండలు పరతురు. బండల క్రింద నున్నది వరదనీటి నిర్వహణ. బండల పైన నున్నది పాదచారుల భద్రత. ఖర్చొకటి, ఘనతలు రెండు.

కాగితముమీద ఇంత చక్కగా కుదిరిన నిర్మాణము వీధిలో ఎట్లున్నదో చూతము. భారత రహదారుల కాంగ్రెసువారి నిబంధన ననుసరించి కాలిబాట ఏ యడ్డును లేకుండ కనీసము 1.8 మీటర్ల వెడల్పుండవలయును. దాని యెత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. ముసలివారును, చంకబిడ్డతో పోవు తల్లులును, చక్రాల కుర్చీలో పోవువారును తడబాటు లేకుండ సాగవలెనని ఆ నిబంధనకు తాత్పర్యము. మన మూతబండల బాటయో, క్రింది కాలువకు గావలసిన లోతునుబట్టి లేచును గాని పై మనిషి మోకాలికి గావలసిన యెత్తునుబట్టి లేవదు. ఒక యంగడి ముందర మోకాలెత్తు దిమ్మె, ప్రక్క యంగడి ముందర స్కూటరు నెక్కించుటకై పోసిన సిమెంటు వాలు, దానిని దాటగానే ట్రాన్స్‌ఫార్మరు, దాని కానుకొని ఎవరో నాయకుని జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీకి పాతిన గుంజలు, అటు పిమ్మట ఎన్నడో విరిగిన బండ, ఆ రంధ్రములో హెచ్చరికగా ఏ పుణ్యాత్ముడో నిలిపిన వేపకొమ్మ. పాదచారుల భద్రతకై టెండరు పిలువకయే జరిగిన నిర్మాణము ఆ వేపకొమ్మ యొక్కటియే యగుటచేత, దానిని ప్రారంభించుటకు ఇంతవరకు ఎవ్వరును రాలేదు.

క్రింది కాలువ సంగతి యింతకంటె విచిత్రము. రోడ్డుమీద బడిన వాన కాలువలోనికి దిగవలెనన్నచో అంచురాళ్ళ నడుమ తూములుండవలయును. వానిని పెట్టుటకు మరచుటయో, పెట్టినవానిని మట్టి కప్పుటయో సర్వసాధారణము. రోడ్డు చెడినప్పుడెల్ల పాతపొరను చెక్కివేయక దానిమీదనే క్రొత్తపొరను పరచుచు వచ్చుటచేత, కొన్నేండ్లకు రోడ్డు చెరువుకట్టయై, ప్రక్కనున్న యిండ్లు ఆయకట్టు మడులగును. కాలువ యడుగు ఎటు వాలవలయునో నీటికి దెలియును గాని అంచనా పత్రమునకు దెలియదు. అందుచేత మంజూరైన సొమ్ము ఎచ్చట ముగిసినదో కాలువయు నచ్చటనే ముగియును, నీరు మాత్రము ముగియదు. ఇక పూడికతీత యను వార్షికోత్సవ మొకటి కలదు. కాలువలోని బురదను ఎత్తి కాలువగట్టుననే కుప్పలు పోసి, ఫోటోలు తీసి, బిల్లు వ్రాసి, లారీ రేపు వచ్చునని చెప్పి వెళ్ళుదురు. లారీకంటె ముందుగా వాన వచ్చును. బురద తన యింటికి తాను జేరుకొనును.

పీలేరు ప్రక్క పల్లెనుండి గోవిందనామము చెప్పుకొనుచు వచ్చిన ముసలి రైతొకడు, బస్సు దిగి అలిపిరికి కాలినడకను పోదలచి, కూడలిలో నిలుచున్న యొక యుద్యోగిని అడిగెననుకొందము.

"సామీ, నడిచి పొయ్యేదానికి దారి యాడుండాదయ్యా?"

"ఆ కాలవ మింద బండలు పరిచుండాం గదా తాతా, దాని మిందెక్కి పో."

"దాని మింద ఇడ్లీల బండి పెట్టుండారే?"

"అయితే దిగి రోడ్డు మింద పో."

"రోడ్డు మింద బస్సులు పోతాండాయి గదా సామీ."

"తాతా, ఇంత పీకులాట యెందుకు? ఆటో యెక్కరాదా?"

ఈ చివరి వాక్యమే మన పట్టణపు పాదచారి విధానము. దీనికి వేరుగ ప్రభుత్వోత్తరువు అక్కరలేదు. ఇడ్లీబండివానిని నిందించుట న్యాయము గాదు. వీధివ్యాపారుల చట్టము 2014లోనే వచ్చినది. వారికి తావులు గుర్తించి యీయవలసిన బాధ్యత పురపాలకులది. ఆ తావు చూపరు గనుక వాడు కాలిబాట కెక్కినాడు. కాలిబాట లేదు గనుక తాత రోడ్డు మీదికి దిగినాడు. తాత యడ్డమువచ్చినాడని బస్సువాడు హారను మ్రోగించుచున్నాడు. దేశమంతట 2022లో రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. కాలిబాటలపై నడుచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమేయని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. మనుష్యుడు నడుచుట కర్హుడని అత్యున్నత న్యాయపీఠము తీర్పు చెప్పవలసినంత దూరము మన నాగరకత నడిచివచ్చినది. ఏ బాటమీద నడిచివచ్చినదో మాత్రము బోధపడదు.

నడకను గౌరవించుట మన యూరికి దెలియని విద్య యనుటకును వీలులేదు. అలిపిరి మొదలుకొని తిరుమల వరకు 3,550 మెట్లు కలవు. వానికి పైకప్పు, దీపములు, త్రాగునీరు, విశ్రమించుటకు తావులు కలవు. ఏ మెట్టుమీదికిని మోటారుసైకిలు ఎక్కిరాదు. ఏటేట లక్షలాది జనులు, వారిలో ముసలివారును, పసివారును, మోకాళ్ళతో ఎక్కెదమని మ్రొక్కుకొన్నవారును, ఆ త్రోవను పోవుచున్నారు. అట్టి భక్తుడు కొండదిగి వచ్చి, లీలామహల్ కూడలియొద్ద ఇవతలి ప్రక్కనుండి అవతలి ప్రక్కకు దాటవలసి వచ్చినప్పుడు మాత్రము గోవిందా యని యరచు నరపులో ఒక క్రొత్త యార్తి వినవచ్చును. ఏడుకొండలు ఎక్కినవానికి నాలుగు వరుసల రోడ్డు దుర్గమమైనది. కొండమీది మెట్టు పుణ్యమునకు దారి యైనప్పుడు, కొండక్రింది కూడలి ఆ పుణ్యఫలమును వెంటనే అనుభవింపజేయుటకు సిద్ధముగ నున్నది.

శ్రీనివాస సేతువును గూర్చి యొక మాట. సుమారు 7 కిలోమీటర్ల పొడవున, 650 కోట్ల రూపాయలకు మించిన వ్యయముతో, అందులో అధికభాగము తిరుమల తిరుపతి దేవస్థానము భరింపగా కట్టిన యీ వంతెన, మొదట గరుడ వారధియను పేరున ఆరంభమై, ప్రభుత్వము మారగా పేరు మార్చుకొని, 2023 సెప్టెంబరు 18న పూర్తిగా ప్రారంభమైనది. కొండకు పోవు బస్సులు పట్టణపు టిరుకులో నిలిచిపోకుండ సాగుచున్నమాట నిజము. ఆ మేలును కాదనుట నాకు సమ్మతము గాదు. కాని వాహనములకు ఆకాశమున త్రోవ యిచ్చినపిమ్మట నేల నడుచువారికి మిగిలినదేమోయని ఆశించినవారికి అచ్చట స్తంభములు కనబడినవి, స్తంభముల నడుమ నిలిపిన బండ్లు కనబడినవి. పైనుండి పోవువానికి క్రింద పట్టణము కలదను స్పృహయే యుండదు. అది వంతెన గొప్పతనము.

ఇక నీటి నేరములను విచారింతము. ఉత్తరమున శేషాచలము, దక్షిణమున స్వర్ణముఖి, నడుమ ఊరు. కపిలతీర్థమున దుమికిన నీరును, మాల్వాడి గుండమునుండి దిగిన నీరును ఏ సర్వేయరును అడుగకయే దక్షిణముగా పల్లమునకు పోవును. వేయి సంవత్సరములుగా అది పోవుచున్న వంకలమీద మనము లేఔట్లు వేసి, చెరువులను ఆటస్థలములుగను ఉద్యానములుగను తీర్చిదిద్దుకొని, ఆపైన నీరు మన ప్లాటులోనికి చొరబడినదని ఆక్రందించుచున్నాము.

2021 నవంబరు 18న వాయుగుండపు వాన కురిసినప్పుడు అలిపిరి మెట్లదారియే జలపాతమైనది. ఘాట్ రోడ్లు మూతబడినవి. స్వర్ణముఖి ఒడ్లు తెగినవి. రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్ట లీకై, గండి పడునేమోయను భయమున దిగువ పల్లెలను ఖాళీ చేయించిరి. ఆ దినములలోనే శ్రీకృష్ణనగరులో ఒక యింటియందు, భూమిలో పాతిన సిమెంటు వరల నీటితొట్టి, దానిని శుభ్రము చేయుచుండగా నేలను చీల్చుకొని పైకి లేచి నిలిచినది. చూచుటకు జనము గుంపులుగా పోయిరి. శాస్త్రజ్ఞులును వచ్చి నేలక్రింది నీటి యొత్తిడిని పరిశీలించిరి. పట్టణాభివృద్ధిలో భాగముగా నేలనుండి పైకి లేచిన కట్టడములలో ఏ కాంట్రాక్టరును ఏ కమీషనును లేక లేచినది అది యొక్కటియే. దానికి ఒక నెల ముందు, అక్టోబరులో, వెస్ట్ చర్చి యొద్ద రైలు వంతెన క్రింది త్రోవలో నిలిచిన నీట కర్ణాటకనుండి వచ్చిన యాత్రికుల వాహనము చిక్కుకొని ఒక స్త్రీ ప్రాణము గోల్పోయినది. ఆ మాట చెప్పునప్పుడు నవ్వు రాదు, రాకూడదు.

ప్రతిసారియు వినబడు సమాధానము ఒక్కటే: కనీవినీ యెరుగని వర్షము. 2015లో కనీవినీ యెరుగలేదు. 2021లో కనీవినీ యెరుగలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడును కనీవినీ యెరుగలేదు. ఈశాన్య ఋతుపవనము అక్టోబరు నవంబరులలో మన సీమకు వచ్చుననుట పంచాంగము చూడని పసివానికిని దెలియును. కాని మన కాలువపనులకు గోతులు త్రవ్వు ముహూర్తము సరిగా ఆ నెలలలోనే కుదురును. గోతిలో నీరు నిలిచినప్పుడు, పని యాగినది ప్రకృతి వైపరీత్యముచేతనని వ్రాసి గడువు పొడిగించుటకు అది యెంతయు నుపకరించును.

పూర్వులు ఈ విషయమున మనకంటె మోటువారు. విజయనగర రాజుల కాలమున తిరుమల స్వామికి సమర్పించిన ధనమును దేవాలయమువారు తమ గ్రామములలో చెరువులు కాలువలు త్రవ్వించుటకు వెచ్చించి, ఆ పెరిగిన పంటతో దాత కోరిన నైవేద్యములు జరిపించిరి. శాసనములు దానికి సాక్ష్యము. చిత్తూరు చెంత కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు "ముసలమ్మ మరణము" వ్రాసిరి గదా. అనంతపురము సీమలో బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగబోగా ఊరిని కాచుటకై ప్రాణమర్పించిన కోడలి కథ అది. ఆ కాలమున చెరువును నిలుపుటకు మనుష్యుని బలి యిచ్చిరి. ఆ దారుణమును మనము మానుకొంటిమి. ఇప్పుడు మనుష్యుని ప్లాటును నిలుపుటకు చెరువును బలి యిచ్చుచున్నాము. చిత్తూరు నడుమ నుండి పారు నీవా నదిని చూడబోయినవారికి, వాన లేనినాళ్ళ అది మురుగుకాలువగాను, వాన వచ్చిననాడు ఆక్రమణదారుగాను పరిచయమగును. 2021లో అదియు పల్లపు కాలనీలలోనికి వచ్చి, తన పాత హద్దులను స్వయముగా సర్వే చేసి చూపి పోయినది. ఆ సర్వే నక్షను ఎవ్వరును భద్రపరచలేదు.

చేయవలసిన పని దుస్సాధ్యమైనది కాదు. వంకల పాత హద్దులు రెవెన్యూ పటములలో నున్నవి. ఇంజనీర్లకు మట్టసము చూచు సాధనములున్నవి. నిబంధనల పుస్తకములు కార్యాలయముల బీరువాలలోనే యున్నవి. లేనిది ఒక్కటే, అడుగువారు. కావున తిరుపతి, చిత్తూరు పురజనులకు నా విన్నపము: మీ వీధిలో కాలువపనికో కాలిబాటపనికో శంకుస్థాపన యని పిలిచినచో తప్పక వెళ్ళుడు. పూలదండలు తరువాత వేయవచ్చును. ముందుగా అచ్చట నిలుచున్న ఇంజనీరుగారిని రెండు ప్రశ్నలడుగుడు: ఈ కాలువ పోయి ఎచ్చట కలియును? ఈ బాటమీద ఏమియు నడ్డులేక మనిషి నడువగల వెడల్పెంత? రెంటికిని ఆయన నోటినుండి సమాధానము వచ్చువరకు ఎంతటి మంత్రివర్యులు వచ్చి నిలిచినను సరే, టెంకాయ కొట్టనీయకుడు.