గది ల్యాప్‌టాప్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

డెబియ నెక్కు నింట డెస్కుటాపు నిలుచు
ఫ్రీబి యెస్డి యడుగుఁ బెద్ద యోర్పు
వేళ లేనివాఁడు వెదకవలె నుబుంటు
తెలిసికొనుము గదినిఁ దెలుగువాఁడ

అవతారిక: రియాద్‌లో బత్హా వైపు ఒక గది. నలుగురు తెలుగువాళ్లు, చందాలు వేసుకుని కొన్న ఒక పాత ల్యాప్‌టాప్. విండోస్ మొరాయించింది. దీనిలో ఏది ఎక్కించాలన్న వాదం గురువారం రాత్రి మొదలై శుక్రవారం బిర్యానీ దాకా సాగింది. దాన్ని ముగించడానికి పుట్టిన పద్యమిది. కవి పేరు తెలియదు. నలుగురిలో వంట వంతు తప్పించుకున్నవాడే అయివుంటాడు.

ప్రతిపదార్థం: డెబియన్ = 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన లినక్స్ డిస్ట్రో; ఎక్కు నింట = ఎక్కించిన చోట (బంకు మంచాల గదిని ఇల్లనడం కవి ఉదారత); డెస్కుటాపు = తెరమీది కొలువంతా; నిలుచు = సుమారు రెండేళ్లకోసారి వచ్చే స్టేబుల్ వెర్షన్‌లో భద్రతా సవరణలు తప్ప పెద్ద మార్పులేవీ రాక, నిన్న పనిచేసినది ఇవాళా పనిచేయును అని భావం.

ఆక్షేపం: డెబియన్ ఎక్కించడమే గండమని పెద్దలంటారు గదా?

సమాధానం: అది పాతకాలపు గండం. వైఫై చిప్పుకు కావలసిన ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు గనుక అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు. ఆ ఫైలు దింపాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ ఫైలే కావాలి. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి దాన్ని లోపలే పెట్టించారు. పైగా ఈ ఇన్‌స్టాలర్ బొమ్మల రూపంలో తెరిస్తే తెలుగులోనే ప్రశ్నలడుగుతుంది. అక్షర రూపంలో తెరిస్తే తెలుగు ఉండదు.

రెండో పాదం. ఫ్రీబీఎస్‌డీ బర్క్‌లీ యునిక్స్ వారసుడు. ఇన్‌స్టాలర్ అడిగినవన్నీ చెప్పాక మిగిలేది నల్లతెర, లాగిన్ గుర్తు. డెస్క్‌టాప్, గ్రాఫిక్స్ డ్రైవరు ఎవరికి వారు తెచ్చుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్ వైఫైతో దీనికి పొత్తు ఆలస్యంగా కుదురుతుంది. అలాగని చిన్నచూపు తగదు. గదివాళ్లు రాత్రి నెట్‌ఫ్లిక్స్‌లో చూసే సినిమాను పంపే ఆ కంపెనీ సర్వర్లు నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీదే. సర్వర్ గదిలో సింహం. బంకు మంచం మీద మాత్రం బరువు.

మూడో పాదంలో వేళ లేనివాడంటే షిఫ్టు దిగి వచ్చి ఇంటికి వీడియో కాల్ చేయవలసినవాడు. ఉబుంటు 2004లో డెబియన్ నుంచే పుట్టింది. ఎల్‌టీఎస్ వెర్షన్‌కు ఐదేళ్లు సవరణలు వస్తాయి. ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ రూపంలో ఇస్తుంది గనుక పాత యంత్రంలో తొలిసారి తెరుచుకునేటప్పుడు కాస్త ఆలోచిస్తుంది.

విశేషం: కవి చెప్పకుండా వదిలేసిన ముఖ్యాంశం గడియారం. ఇన్‌స్టాలర్ ఊరు అడిగినప్పుడు ప్రేమకొద్దీ కోల్‌కతా నొక్కినవాడికి టైము రెండున్నర గంటలు ముందుంటుంది. కంపెనీ బస్సు కోసం చీకట్లో నిలబడతాడు. విండోస్‌ను పక్కనే ఉంచుకున్నవాడికి వేరే తంటా. విండోస్ యంత్రగడియారంలో స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ దాన్ని గ్రీన్‌విచ్ సమయమనుకుని చదువుతుంది. రియాద్‌లో తేడా సరిగ్గా మూడు గంటలు. టెర్మినల్లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ ఆదేశంతో లినక్స్‌ను స్థానిక సమయానికి ఒప్పించవచ్చు. యునిక్స్ లోకానికి రియాద్ గడియారంతో పాత చుట్టరికమే ఉంది: 1987 నుంచి 1989 వరకు ఈ ఊరి సౌరకాలాన్ని రోజువారీగా లెక్కగట్టిన పట్టికలు దాని కాలమండలాల డేటాబేసులో ఉండేవి. 2013లో తీసేశారు. మన పంచాంగకర్తలకు తెలిస్తే బాధపడేవారు.

మొదటి పాదంలోని ‘నిలుచు’ అన్నదాన్ని సమర్థించడానికి కొందరు వ్యాఖ్యాతలు తువల్‌లోని కౌస్ట్ విశ్వవిద్యాలయపు షాహీన్-2ను ఉదహరిస్తారు. 2015లో ప్రపంచ సూపర్‌కంప్యూటర్లలో ఏడో స్థానంలో నిలిచిన ఆ యంత్రం నడిచింది లినక్స్ మీదే కాబట్టి లినక్స్ స్థిరమేనని వాళ్ల వాదం. చెల్లదు. దానికి సౌండ్‌కార్డు గొడవ లేదు, మూత వేసి తీస్తే మేలుకోవలసిన పనీ లేదు.

తాత్పర్యం: నలుగురూ పంచుకునే పాత ల్యాప్‌టాప్‌కు డెబియన్, ఈ రాత్రే కాల్ చేయాలంటే ఉబుంటు, ఫ్రీబీఎస్‌డీ వార్షిక సెలవులో. ఏదైనా సరే, డిస్కు చెరపకముందే లైవ్ పెన్‌డ్రైవ్ మీద నడిపి వైఫై, మైకు, కెమెరా పరీక్షించండి.