ఫ్లెక్సీకి ఫస్ట్ ప్రైజు

మా వీధి సర్కారు బడి పిల్లల్ని రోబోటిక్స్ పోటీకి తీసుకెళ్లాను. ఉదయం 9కి మొదలన్నారు. ముఖ్య అతిథి 11.30కి దయచేశారు. జ్యోతి వెలిగించారు. శాలువా కప్పించుకున్నారు. కలాం గారిని తలుచుకున్నారు. తలుచుకోకపోతే మైకు ఊరుకుంటుందా? ఈలోపు బ్యాటరీలు నీరసించాయి. చార్జింగ్ పెడదామంటే ప్రతి ప్లగ్గులోనూ సౌండు బాక్సే!

మావాళ్లది లైన్ ఫాలోయర్. నల్ల గీత పట్టుకుని పోయే బుల్లి బండి. అడుగున ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు. తెల్ల నేల కాంతిని తిప్పికొడుతుంది, నల్ల గీత మింగేస్తుంది. అంతే కిటుకు. ఇంటిదగ్గర పాములా మెలికలు తిరిగింది. అక్కడేమో ఫోటోల కోసం నెత్తిమీద హాలోజన్ లైట్లు! వాటినుంచీ ఇన్‌ఫ్రారెడ్డే కదా. ఏది గీతో, ఏది నేలో బండికి అర్థం కాలేదు. తిన్నగా పోయి వీఐపీ సోఫాను గుద్దింది. దారి తప్పినా ఎవర్ని గుద్దాలో దానికి తెలుసు!

పిల్లలు ఏడవలేదు. బిస్కెట్ డబ్బా అట్ట చింపి సెన్సర్ల చుట్టూ గోడ కట్టారు. ప్రోగ్రాంలో నలుపు-తెలుపులను వేరుచేసే హద్దు (థ్రెషోల్డ్) మార్చారు. రెండో రౌండులో బండి చివరిదాకా పోయింది. ఆరో స్థానం.

మొదటి స్థానం ఓ పెద్ద బడిది. "మోటార్ డ్రైవర్ ఏం చేస్తుంది బాబూ?" అన్నారు జడ్జి. బాబు వెనక్కి తిరిగాడు. కిట్టు అమ్మిన ఏజెన్సీ సారు అక్కడే ఉన్నాడు. "అంకుల్ని అడగండి" అన్నాడు బాబు. ఆ హాల్లో నిజం చెప్పింది వాడొక్కడే! కోచ్‌లు రోబో కట్టకూడదని వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ రూలు. మనకీ రూలుంది. గోడకు అంటించాం. ఇంకేం చెయ్యాలట?

మావాళ్ల బడిలోనూ అటల్ టింకరింగ్ ల్యాబు ఉందండోయ్. పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలని 2016లో మొదలైన పథకం. బడికి 20 లక్షల దాకా గ్రాంటు. ఐదేళ్లలో ఇంకో 50 వేల ల్యాబులని 2025 బడ్జెట్‌లో సెలవిచ్చారు. బాగుంది. తాళంకప్పలు కూడా అన్నే కొనాలా? మావాళ్ల ల్యాబు తాళంచెవి హెడ్మాస్టారి బీరువాలో ఉంటుంది. ముట్టుకుంటే వస్తువులు పాడైపోతాయట! మరి ఈ బండి ఎక్కడ పుట్టింది? మా వరండాలో.

మర్నాడు ఆ హెడ్మాస్టారే ఫోన్ చేశారు. "మన ల్యాబు ఆణిముత్యాలు" అని ఫ్లెక్సీ వేయిస్తారట, ఫోటో కావాలట. తాళం తీశారు. త్రీడీ ప్రింటర్ ఇంకా కవర్లోనే ఉంది. మా బుడ్డోడు ఆశగా చెయ్యి చాపాడు.

"రేయ్, ముట్టుకోకు!"

ఫ్లెక్సీ ఇప్పుడు గేటుకు వేలాడుతోంది. అందులో పిల్లలంతా చేతులు కట్టుకుని ఉన్నారు.