సర్క్యులర్ అన్న

వరంగల్ ఎన్‌ఐటీ కావచ్చు, కంది ఐఐటీ కావచ్చు, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ కావచ్చు. పీహెచ్‌డీ వాళ్లుండే ప్రతి హాస్టల్లోనూ ఒక సర్క్యులర్ అన్న ఉంటాడు. అసలు పేరు మెస్ బిల్లు మీద తప్ప ఎక్కడా వినబడదు. కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేస్తుంటాడు. ఏ అంశం మీదో గైడుకు తెలుసు, అతనికి కూడా చాలావరకు తెలుసు. హాస్టల్ అతన్ని నమ్ముకున్నది వేరే పాండిత్యం కోసం: ఏ ఫెలోషిప్ ఎంత, ఏ తేదీ నుంచి, ఎవరి సంతకంతో, ఎన్ని నెలల ఆలస్యంతో.

అతని ల్యాప్‌టాప్‌లో ముఖ్యమైన ఫోల్డర్లు రెండు. మొదటిది ‘థీసిస్ ఫైనల్ 3’. అది డాక్టోరల్ కమిటీ మీటింగ్‌కు ముందురోజు రాత్రి తెరుచుకుంటుంది. రెండోది ‘ఓఎంలు’, అంటే ఆఫీస్ మెమొరాండాలు. అది రోజూ పళ్లు తోముకోకముందే తెరుచుకుంటుంది.

ఎవరైనా మాట వరసకు “ఫెలోషిప్ పెరిగిందటగా అన్నా” అన్నారా, గోత్రనామాలు చెప్పినట్టు మొదలెడతాడు. 2010లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్ఎఫ్, నెలకు 16,000. 2014 అక్టోబరు నుంచి 25,000. 2019 జనవరి నుంచి 31,000. 2023 జనవరి నుంచి 37,000. సీనియర్‌వి, అంటే ఎస్ఆర్ఎఫ్‌వి, వేరే వరస: 18, 28, 35, 42 వేలు. ఒక్కో మెట్టు వెనక ఎన్ని ధర్నాలున్నాయో కూడా చెబుతాడు. 2018 చివర్లో దేశమంతా స్కాలర్లు రోడ్డెక్కినప్పుడు ఎంటెక్ కుర్రాడిగా తానూ ప్లకార్డు పట్టుకున్నాడు. మర్నాడు పేపర్లో వచ్చిన ఫొటోలో ప్లకార్డు పడింది, తను పడలేదు.

2023 పెంపు అతని జీవితంలో స్వర్ణయుగం. సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఉత్తర్వు జూన్ చివర్లో వచ్చింది, వర్తింపు జనవరి ఒకటి నుంచి. అంటే కాగితం వెలువడేనాటికే ఆరు నెలల బాకీ. ఎస్ఆర్ఎఫ్‌కు నెలకు 7,000 చొప్పున 42,000. ఆ ఏడాది అన్న చేసిన గణితంలో గైడు తప్పు పట్టలేనిది ఇదొక్కటే. కానీ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన సొమ్ము రాదు. యూజీసీ తన వంతు వేరుగా ఒప్పుకోవాలి, విద్యాశాఖ వేరుగా ఒప్పుకోవాలి, సంస్థ సొంతంగా మరో కాగితం తియ్యాలి, చివరికి ఆ కాగితం అకౌంట్స్ సెక్షన్‌లో కనబడాలి. ఈ నాలుగింట్లో ఆఖరిదే అన్నిటికన్నా కష్టమని అన్న అనుభవం.

గేట్ రాసి కొత్తగా చేరిన ఎంటెక్ పిల్లల్ని అతను మొదటి రోజే మెస్‌లో కూర్చోబెట్టి లోకజ్ఞానం చెబుతాడు.

“నీకెంత తమ్ముడూ?”

“పన్నెండువేల నాలుగొందలన్నా.”

“నాకూ అంతే వచ్చేది. బియ్యం రేటు మారింది, అది మారలేదు. సరే, అటు చూడు. ఆ చివర కూర్చున్నది పీఎంఆర్ఎఫ్.”

పీఎంఆర్ఎఫ్ అంటే ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలో. 2018 బడ్జెట్లో ప్రకటించిన పథకం. మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడు 75,000, తర్వాత రెండేళ్లు 80,000. పైగా పరిశోధన ఖర్చులకు ఏటా రెండు లక్షలు. బదులుగా ఏడాదికోసారి సమీక్ష, వారానికోసారి దగ్గర్లోని పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో ఇంజనీరింగ్ కాలేజీలోనో పాఠం. అతని పక్కన విశ్వేశ్వరయ్య పథకం కుర్రాడు, 38,750. ఆ పక్కన జేఆర్ఎఫ్, 37,000. వాళ్లను చూడ్డానికి వచ్చిన స్నేహితుడు ఓ సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ పరీక్ష లేకుండా పీహెచ్‌డీలో చేరినవాడు, 8,000. అందరి కంచాల్లోనూ ఒకటే సాంబారు. “దేశంలో సమానత్వం చూడాలంటే మెస్‌కు రావాలి,” అంటాడు అన్న. టీ బిల్లు వచ్చేసరికి మాత్రం సమానత్వాన్ని పక్కనబెట్టి పీఎంఆర్ఎఫ్ వైపు చూస్తాడు.

విశ్వేశ్వరయ్య పథకం మీద అతనికో ప్రత్యేక సిద్ధాంతం ఉంది. ఎలక్ట్రానిక్స్, ఐటీ రంగాల్లో పీహెచ్‌డీలు పెంచడానికి కేంద్రం 2014లో తెచ్చింది దాన్ని. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆయన సలహా మీదే లేచాయి. “ప్రవాహాన్ని ఎగువనే ఆపేసిన మహానుభావుడి పేరు పెట్టారు. ఇక ఏ నెలైనా సొమ్ము కిందికి దిగకపోతే తప్పు ఎవరిది?” అని అన్న ప్రశ్న.

ఇంత పరిజ్ఞానం సరదాకు వచ్చింది కాదు. చేరిన కొత్తలో అతనికి కొన్ని నెలలపాటు పైసా రాలేదు. ఎందుకు రాలేదో చెప్పేవాళ్లు లేరు. సెక్షన్‌లో అడిగితే ఫైలు పైకెళ్లిందన్నారు, పైన అడిగితే కిందికొచ్చిందన్నారు. మెస్ బాకీ కట్టడానికి రూమ్మేట్ దగ్గర చేయి చాచినరోజు రాత్రి కూర్చుని నిబంధనలన్నీ చదివాడు. జాయినింగ్ రిపోర్టులో ఒక పెట్టెలో టిక్కు పెట్టలేదని తేలింది. మర్నాడు టిక్కు పెట్టాడు. నెల తిరక్కుండా సొమ్ము పడింది. పరిశోధన పద్ధతి అంటే ఏమిటో ఆ టిక్కు దగ్గర అర్థమైనంతగా కోర్సువర్క్‌లో అర్థం కాలేదంటాడు.

ఇక నెలవారీ క్రతువు. యూజీసీ ఫెలోకు సొమ్ము పడాలంటే, ఫలానా స్కాలర్ ఇంకా ఇక్కడే పనిచేస్తున్నాడని సంస్థ నెలనెలా కెనరా బ్యాంకు నడిపే పోర్టల్లో ధ్రువీకరించాలి. దానికి ముందు గైడు సంతకం, హెచ్‌ఓడీ సంతకం. గైడు సింగపూర్ సదస్సులో ఉంటారు, హెచ్‌ఓడీ న్యాక్ పనిలో ఉంటారు. ఎవరు ఏ గంటకు ఏ కారిడార్లో దొరుకుతారో అన్న దగ్గర టైంటేబుల్ ఉంది. సెక్షన్‌లో గుమాస్తాగారి అమ్మాయి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుందో, ఆయనకు షుగరు ఎంతుందో కూడా తెలుసు. సంక్రాంతికి ఊరి నుంచి వచ్చిన అరిసెల్లో గైడుకు నాలుగు, సెక్షన్‌కు డబ్బా. షుగరు సంగతి ఆ ఒక్క వారం మర్చిపోతాడు.

మరి పరిశోధన? జరుగుతుంది, క్యూలో. ఏడాదికి ఇచ్చే కంటిన్జెన్సీ మొదటి రెండేళ్లు 12,000, ఆ తర్వాత 25,000. న్యూరల్ నెట్‌వర్క్‌లకు పాఠాలు చెప్పే గ్రాఫిక్స్ కార్డు కొనాలంటే ఆ సొమ్ము డబ్బా మూతకు కూడా చాలదు. అందుకని ఉమ్మడి సర్వర్ మీద ఆధారపడాలి. కంది ఐఐటీలో ‘పరమ్ సేవ’ సూపర్ కంప్యూటర్ ఉంది కాని, సూపర్ కంప్యూటర్ ముందు కూడా వరసలో నిలబడాల్సిందే. జాబ్ పెట్టి, వంతు వచ్చేదాకా ఏం చెయ్యాలి? సర్క్యులర్లు చదువుతాడు. వంతు వస్తుంది, ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ క్యూ, మళ్లీ సర్క్యులర్. విదేశీ సదస్సుకు ఎవరి పేపర్ ఒప్పుకున్నా ముందు ఇతని గది తలుపే తడతారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఐఏఆర్‌సీఎస్, ఏసీఎం ఇండియా కలిసి ఇచ్చే ప్రయాణ గ్రాంటుందని, దానికి ఏ కాగితాలు కావాలో వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతాడు. అతను చూపిన దారిలో ముగ్గురు వెళ్లొచ్చారు. అతనికి వాళ్లు చాక్లెట్లు తెచ్చారు.

ఇంటి దగ్గర ఈ పాండిత్యానికి గిరాకీ తక్కువ. అమ్మ ఫోనులో “జీతం పడిందా నాయనా?” అంటుంది. ఆదాయపు పన్ను చట్టం 1961లో సెక్షన్ 10(16) కింద చదువు ఖర్చుకిచ్చే స్కాలర్‌షిప్‌కు పన్ను లేదని అతను చెప్పినప్పటినుంచి నాన్నకు మాత్రం కొంచెం గర్వం. ఆ గర్వంతోనే మావయ్య ఒక సంబంధం తెచ్చాడు. “అబ్బాయికి నెలకు 42,000, పైసా పన్ను లేదు,” అన్నాడు. పిల్ల తండ్రి సంతోషించాడు. ఎన్నాళ్లు వస్తుందని అడిగాడు. మొత్తం ఐదేళ్లు, అందులో నాలుగు అయిపోయాయని అన్న నిజాయితీగా చెప్పాడు. తర్వాతో? “ఎక్స్‌టెన్షన్‌కు అర్జీ పెట్టుకోవచ్చండీ, అయితే సొమ్ము లేకుండా,” అన్నాడు. కాఫీలు రాకుండానే అందరూ లేచారు.

బాబాయి కొడుకు డాలస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాడితో పోలిక వచ్చినప్పుడు అన్న కొత్త ఉత్సాహంతో లేస్తాడు. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కూడా 37,000 అంకేనని, కాకపోతే డాలర్లు, ఏడాదికని వివరిస్తాడు. అది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్లకే కాబట్టి మనవాడు ప్రొఫెసర్ ప్రాజెక్టు మీద రీసెర్చ్ అసిస్టెంట్‌గానే బతకాలని, ఎఫ్-1 వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదని కూడా చెబుతాడు. బాబాయికి ఇవేవీ తెలియవు. డాలస్‌కు ఫోన్ చేసి అడిగితే కొడుక్కీ మొదటి సంగతి తెలియదు.

ఐదేళ్లూ అయిపోయాయి. ఆరో ఏడు వచ్చింది. ఫెలోషిప్ ఆగింది, మెస్ ఆగలేదు. క్యూలో ఉన్న ప్రోగ్రాం ఒకరోజు ఆగకుండా పూర్తయింది, ఫలితాలూ బాగున్నాయి. సర్క్యులర్లు తెరవకుండా నాలుగు నెలలు కూర్చుని థీసిస్ రాశాడు. హాస్టల్ అల్లాడిపోయింది. హెచ్‌ఆర్‌ఏ ఎవరికి వస్తుందో, మూడో ఏడు ఎస్ఆర్ఎఫ్‌కు మారడానికి కమిటీలో బయటి సభ్యుడు ఎవరుండాలో చెప్పే దిక్కు లేక జూనియర్లు అతని తలుపు ముందు తచ్చాడారు.

థీసిస్ మొదటి పేజీల్లో కృతజ్ఞతలుంటాయి. సొమ్ము ఏ సంస్థ ఇచ్చిందో పేరుతో సహా రాయడం ఆనవాయితీ. ఈ విషయంలో అన్నంత నిష్ఠగా రాసినవాడు ఆ విభాగంలో లేడు. ఎంటెక్‌కు గేట్ స్కాలర్‌షిప్, తేదీలతో. తర్వాత జేఆర్ఎఫ్, ఎస్ఆర్ఎఫ్, అవార్డు లెటర్ నంబర్లతో. 2023 పెంపు ఉత్తర్వు కూడా వదల్లేదు. ఆఖరి వరసలో, ఆరో ఏటి పరిశోధనకు ఆర్థిక సహాయం అందించినవారు: మా నాన్నగారు, మిర్చి పంట.

ఆ పేజీ గైడు దగ్గర్నుంచి దిద్దుబాట్లతో తిరిగొచ్చింది. నాన్నగారి పక్కన ఎర్ర ఇంకుతో రాసి ఉంది: “గ్రాంట్ నంబర్ ఏది?”