సాకు లేని తుపాకీ

మా ఊరి తిరునాళ్ళలో తుపాకీతో బూరలు పేల్చే కొట్టొకటి పెట్టేవారు. పది గుండ్లు కాలిస్తే నాకు ఒక్క బూరా పగిలేది కాదు. ఒకేఒక్కసారి పగిలింది గానీ, నేను గురిపెట్టింది దాని పక్కదానికి. ‘వాడు కావాలనే గొట్టం వంకర చేశాడు’ అని నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను. నమ్మేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి నేనొక్కణ్ణే మిగిలాను.

అందుకే ఇక్కడ విస్కాన్సిన్‌లో, ఓ గరాజ్ సేల్‌లో పాత ఎయిర్ రైఫిల్ కనబడగానే చెయ్యి నన్నడక్కుండానే జేబులోకి పోయింది. షెరిడన్ బ్లూ స్ట్రీక్. ఇదే రాష్ట్రంలోని రసీన్‌లో పుట్టింది. వాల్‌నట్ కర్ర, ఇత్తడి గొట్టం, 5 మిల్లీమీటర్ల గుండు. గొట్టం కింది పిడిని 3 నుంచి 8 సార్లు లాగి మూస్తే గాలి నిండాలి. నేను 8 సార్లూ లాగాను. తుస్సుమంది. యాభై ఏళ్ళు దాటాక ఎవరి సీళ్ళు మాత్రం గట్టిగా ఉంటాయి అన్నాను. మా ఆవిడ తుపాకీని వదిలేసి నా వంక చూసింది.

‘‘గాలి తుపాకీ అంటే అంత చులకనా? 1803లో లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు బయల్దేరినప్పుడు ఒకటి వెంట తీసుకెళ్ళారు!’’ అన్నాను.

‘‘వాళ్ళు దాంతో పసిఫిక్ సముద్రం దాకా పోయారు. మీరు డైనింగ్ టేబుల్ కూడా దాటలేదు’’ అంది.

లోపల గాలిగానీ గుండుగానీ లేవని చూసుకుని విప్పడం మొదలుపెట్టాను. ఒక స్ప్రింగు ఎగిరిపోయి, మూడోనాడు పూజగదిలో వినాయకుడి పాదాల దగ్గర దొరికింది. వాల్వు బిగించిన నట్టు కదల్లేదు. స్టవ్ మీద కాస్త వేడిచేద్దామనుకున్నాను. గొట్టాన్నీ, కింది పంపు గొట్టాన్నీ టంకంతో అతికించారని అప్పుడే తెలిసింది. వేడిచేసి ఉంటే ఒక తుపాకీకి రెండు గొట్టాలు మిగిలేవి. స్టవ్ ఆర్పేసి, నట్టు గాడికి సరిపడేలా ఓ ఇనప ముక్కని అరగదీసుకున్నాను.

తీరా విప్పి చూస్తే లోపలున్నది మన సైకిలు పంపే! పిస్టను గాలిని నెడుతుంది. ఒక వాల్వు దాన్ని లోపలికి రానిస్తుందే గానీ వెనక్కి పోనివ్వదు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వెళ్ళి రెండో వాల్వుని తడుతుంది. అది రెప్పపాటు తెరుచుకుని, గాలిని గుండు వెనక వదులుతుంది. చిన్నప్పుడు పంపు వాషరుకి ఆముదం రాసిన అనుభవం ఇప్పుడు అక్కరకొచ్చింది. కొత్త సీళ్ళు వేసి, నాలుగు చుక్కలు నూనె పోసి, బిగించి, సబ్బు నురగ పూశాను. ఒక్క బుడగ కూడా లేవలేదు. సైట్లు నేనే సరిచేశాను. గొట్టం తిన్నగా ఉందని మూడుసార్లు చూశాను.

ఆదివారం ఓ మిత్రుడి పొలంలో, మట్టి గట్టుకి ఆనించి అయిదు బూరలు కట్టాం. అయిదు గుండ్లు కాల్చాను. అయిదు బూరలూ హాయిగా ఊగుతున్నాయి.

‘‘గొట్టం వంకరేమో, ఇలా ఇవ్వండి’’ అన్నాడు మిత్రుడు. ఒక్కటే కాల్చాడు. బూర ఠప్పుమంది.

నలభై ఏళ్ళు కాపాడుకున్న సాకుని నా చేతులతో నేనే విప్పి, తుడిచి, నూనె పోసి బిగించేశాను. ఈసారి ఊరెళితే ఆ కొట్టువాడికి క్షమాపణ చెప్పుకోవాలి. అదైనా పక్కవాడికి తగలకుండా చూసుకోవాలి.