కారుంది, ప్లగ్గేది?

విద్యుత్ కార్లకు కేంద్రం 2019లోనే జీఎస్టీని 5 శాతానికి దించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం ఎత్తేసి, 2026 డిసెంబరు దాకా గడువిచ్చింది. ఇన్ని వరాలిచ్చినా మధ్యతరగతి మనిషి పెట్రోలు బంకు వదలడం లేదంటే, అతనికి పర్యావరణం మీద భక్తి లేదని సెమినార్లలో వాపోతున్నారు.

భక్తికేం లోటు లేదు స్వామీ, ప్లగ్గే లేదు.

కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకైనా దిగి చూడండి. ఉన్న ఒక్క ప్లగ్గూ వాచ్‌మన్ గది పక్కన ఉంటుంది. అందులో అతని ఫోను వేలాడుతుంటుంది. అక్కడ కారు చార్జింగ్ పెట్టుకుంటానని అని చూడండి, ఆదివారం మీటింగు మొత్తం మీ గురించే. ‘కామన్ మీటరు మీద మీ కారు తాగితే మేం మెయింటెనెన్సు కట్టాలా?’ అని ట్రెజరర్ గారు. ‘బ్యాటరీ పేలితే ఎవరిది బాధ్యత?’ అని రెండో అంతస్తు అంకుల్. ఆయన స్కూటరు రోజూ మెట్ల కిందే పెట్రోలు కారుస్తుంటుంది, అది వేరే సంగతి. సెక్రటరీ గారు మాత్రం ఉదారులు: ‘మీ మీటరు నుంచే వైరు లాక్కోండి, మాకేం అభ్యంతరం లేదు. గోడకు చిల్లు మాత్రం పెట్టకూడదు.’

అద్దెకుండేవాడికి ఆ మీటింగుకు పిలుపే ఉండదు.

ఇక బ్రోషర్లో రాసిన కిలోమీటర్లు. ఆ పరీక్ష ల్యాబులో, రోలర్ల మీద, ఏసీ ఆపేసి చేస్తారు. మే నెలలో సూర్యాపేట దారిలో ఏసీ ఆపి బండి నడపగల యోగులకు ఆ లెక్క అక్షరాలా వర్తిస్తుంది. మిగతావాళ్లు దారిలో చార్జరు వెతుక్కోవాలి. దొరికిందా, కంపెనీకో యాప్, యాప్‌కో వాలెట్, ఓటీపీ వచ్చేలోపు సిగ్నల్ పోతుంది. అన్నీ కుదిరితే చార్జరు ముందు ఓ డీజిల్ ఇన్నోవా పార్క్ చేసి ఉంటుంది, డ్రైవరు టిఫినుకెళ్లాడు. బంకులో కుర్రాడు ‘జీరో చూసుకోండి సార్’ అంటే చాలు, అయిదు నిమిషాల్లో మన పని అయిపోయేది.

మరి కొంటున్నదెవరు? సొంత గోడ, సొంత మీటరు, ఊళ్లకెళ్లడానికి ఇంకో డీజిల్ కారు ఉన్న విల్లాల వారు. రోడ్డు పన్ను కారు ధర మీద శాతం లెక్కన వేస్తారు గనక, ఎంత ఖరీదైన కారు కొంటే అంత పెద్ద మాఫీ. పేదరికం ఎంత నష్టమో ఇక్కడ తెలుస్తుంది.

సామాన్యుడికి కరెంటు బండంటే భయమనేది వట్టిమాట. దేశంలో అమ్ముడవుతున్న మూడు చక్రాల బళ్లలో సగానికి పైగా విద్యుత్తువే. ఆ డ్రైవర్లెవరూ సెమినార్లకు వెళ్లలేదు. రాత్రి ఇంటి ముందు వైరు లాగి పెట్టుకుంటారు, పొద్దున్నే లెక్క చూసుకుంటారు. కార్లు మాత్రం ఇంకా పదింట ఒకటి కూడా కాలేదు.

ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. సొంత మీటరు నుంచి వైరు లాక్కునేవాణ్ని అసోసియేషన్లు ఆపకూడదని ఒక్క పేజీ జీవో ఇస్తే సగం గొడవ తీరుతుంది. దానికి ఖజానా నుంచి పైసా అక్కర్లేదు, రిబ్బను కత్తిరించే పనీ లేదు. బహుశా అందుకే ఎవరికీ తట్టడం లేదు.