బ్యాటరీ బాబాయ్

అమెరికాలో బోటు షికారుకు వీలున్న సరస్సు ఎక్కడుంటే అక్కడ ఒక బ్యాటరీ బాబాయ్ ఉంటాడు. డల్లాస్ పక్కన లూయిస్‌విల్ లేక్ దగ్గరైతే ఆయన టెక్సాస్ తెల్లవాడూ కావచ్చు, ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్న గుంటూరువాడూ కావచ్చు. ప్రతిదానికీ బ్యాటరీనే అనుమానించే ఈ జబ్బుకు కులగోత్రాలు లేవు. శనివారం పొద్దున్నే పవర్‌బోటును నీళ్లలోకి దించి తాళం తిప్పుతాడు. ‘టక్’మంటుంది. మళ్లీ తిప్పుతాడు, మళ్లీ ‘టక్’. ఫిష్ ఫైండర్ తెర ఆరిపోయి, సిగ్గుపడుతున్నట్టు నెమ్మదిగా వెలుగుతుంది. వెనక ర్యాంపు మీద ట్రైలర్ల వాళ్లు హారన్లు కొడుతుంటారు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే నిండుకుండే. అయినా బాబాయ్ తొణకడు. ‘వోల్టేజి ఉంది గానీ దమ్ము లేదు’ అని తీర్పు చెప్పేసి కొత్త బ్యాటరీ కోసం షాపుకు బయల్దేరతాడు. ఆయన్ని తెలివితక్కువవాడంటే పాపం. మీటరు ఉంది, చదవడమూ వచ్చు. లోపమల్లా ఒక్కటే: కరెంటు ఖాళీగా కూర్చున్నప్పుడే దాన్ని ప్రశ్నలడుగుతాడు.

పని లేనప్పుడు చూసే వోల్టేజి పెళ్లిచూపుల్లో కుర్రాడి లాంటిది. అక్కడ అందరూ బుద్ధిమంతులే. స్టార్టరు 150 ఆంపియర్లు లాగుతోందనుకోండి. దారిలో ఎక్కడో ఒక బిగింపు వదులై, చిలుము పట్టి, ఓమ్‌లో నూరోవంతు అడ్డం పడితే చాలు, ఒకటిన్నర వోల్టు అక్కడే హరించుకుపోతుంది. ఆ నూరోవంతును మామూలు మల్టీమీటరు ఓమ్‌ల లెక్కలో పట్టలేదు. కంటిన్యుటీ పరీక్ష సంగతి చెప్పనే అక్కర్లేదు, కేబుల్లో ఒక్క రాగిపోగు బతికున్నా సంతోషంగా ‘బీప్’ అంటుంది. దొంగ దొరకాలంటే మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ సీసపు దిమ్మ మీద, కేబులు తొడుగుకు తగలకుండా ఆనించాలి. రెండో మొనను ఇంజిను లోహం మీద పెట్టి, అప్పుడు తాళం తిప్పమనాలి. రెండూ ఒకే దారికి రెండు కొసలు గనక సున్నాకు దగ్గర్లో చూపించాలి. ఒకటిన్నర చూపిస్తే, తిన్నవాడు ఆ మధ్యలోనే ఉన్నాడు. బాబాయ్ బ్యాటరీ పెట్టె మూత తీస్తే వాడు కళ్లకే కనిపిస్తాడు: ఒకే బోల్టు మీద స్టార్టరు కేబులు, బిల్జ్ పంపు, స్టీరియో, ఫిష్ ఫైండర్ రింగులు ఒకదాని నెత్తిన ఒకటి, వాటి సందుల్లో పచ్చటి పొడి, అన్నిటి పైన చేత్తో బిగించిన వింగ్ నట్టు. లావు కేబుళ్లకు ఆ నట్టు తగదని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాలు ఎప్పుడో చెప్పాయి. నావిగేషన్ లైట్ల వంటి ముఖ్యమైన వాటికి వోల్టేజి దారిఖర్చు 3 శాతం దాటకూడదనీ, అంటే 12 వోల్టుల్లో 0.36 మించకూడదనీ కూడా చెప్పాయి. బాబాయ్ మాత్రం లైట్లు మసకబారితే బల్బులు మారుస్తాడు.

మరి కొత్త బ్యాటరీ వేయగానే బోటు ఎందుకు స్టార్టవుతోంది? ఇది ఆయన బ్రహ్మాస్త్రం, తీసిపారేయదగ్గ వాదన కాదు. కాకపోతే బ్యాటరీ మార్చాలంటే ఆ నట్టు విప్పాలి, రింగులు తుడవాలి, మళ్లీ గట్టిగా బిగించాలి. రోగం కుదిరింది తుడుపుతో, కీర్తి దక్కింది బ్యాటరీకి. అలల కుదుపులకు నట్టు మళ్లీ వదులయ్యాక, ‘ఈ రోజుల్లో బ్యాటరీలు నాసిరకం’ అంటాడు. నమ్మకానికి ఇంతకన్నా భద్రమైన కోట ఉండదు. బ్యాటరీలు అసలు చావవా అంటే, నిక్షేపంగా చస్తాయి. చలికాలమంతా చార్జింగు లేకుండా పడేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ దిమ్మల మధ్యనే వోల్టేజి తొమ్మిదికి కూలితే నేరం చాలావరకు దానిదే. దిమ్మల దగ్గర 11 నిలబడి, స్టార్టరు దగ్గర తొమ్మిదే మిగిలితే మాత్రం అది నిర్దోషి. ఈ రెండు కొలతలకు పట్టే సమయం షాపుకెళ్లి పార్కింగు వెతుక్కునేంత కూడా కాదు. వారాంతపు సరదాకు ఇంత పరిశోధనా అనేవాళ్లకు ఒక లెక్క: ఒకటిన్నర వోల్టు, 150 ఆంపియర్లు కలిస్తే ఆ వదులు బిగింపు దగ్గర పుట్టేది 225 వాట్ల వేడి. పెట్రోలు ఇంజిను బోటు కడుపులోనే ఉన్నచోట, ఆవిరి పోవాలని స్టార్టుకు ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పుతారు. ఆ పక్కనే ఇలాంటి కుంపటి ఉండటం సరదా కాదు.

ఈ లెక్కలు బాబాయ్ చెవికెక్కవు. చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో పాత బ్యాటరీని ఊరికే పరీక్ష చేసిపెడతారు, అదీ చేయించడు. పాతది అప్పగిస్తే, కొత్తది కొన్నప్పుడు కట్టించుకునే కోర్ డిపాజిట్ వెనక్కి వస్తుంది మరి. రాయిలాంటి బ్యాటరీని కౌంటరు మీద పెట్టి, ఆ డాలర్లు లెక్కపెట్టుకుని జేబులో వేసుకుంటూ, ఇంటావిడకు ఫోన్ చేసి ఇవాళ ఎంత ఆదా చేశాడో చెబుతాడు.